సోమవారం సూది

అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్. మెట్ల కింద కురుమయ్య టీ బండి, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఒక కుర్చీలో ఆ సెంటర్‌లో సైన్సు పాఠాలు చెప్పే త్రివేణి, ఇంకో కుర్చీలో ఆమె తల్లి విద్యావతి. రెండు క్లాసుల మధ్య ఖాళీ.

“...ఫోన్ల చెప్తె అయిపోవు గదమ్మా! నారాయణగూడల ఆటో ఎక్కి, ఆ ఫ్లైఓవర్ కింద గంత ట్రాఫిక్కుల వడి ఈడిదాంక రావాల్నా?”

“ఫోన్ల చెప్పేది గాదు బిడ్డా.”

“నీకేదీ ఫోన్ల చెప్పేది గాదు. మొన్న గొంతుల ఏదో గుచ్చుకుంటుంది, గొంతు క్యాన్సర్ అని గిట్లనే ఉరికొచ్చినవ్. ఏం తేలింది? కరివేపాకు పుల్ల.”

“పుల్లే గావచ్చు. పుల్ల అని ముందుగాల తెలుస్తదా?”

“దానికి ముందు మడిమ నొప్పి. ఎముకల క్యాన్సర్ అన్నవ్. చెప్పులు మార్చంగనె పోయింది. దానికి ముందు శ్రీదివ్యకు ముక్కులకెల్లి రక్తమొస్తె, మనుమరాలిని ఒళ్లె వండవెట్టుకోని శోకం వెట్టినవ్. ఎండకు కారిందది! మా ఆయన నిన్నేమంటడో తెలుసా? మీ అమ్మకు రోగాలు రావు, మీ అమ్మను జూసి రోగాలే ఉరుకుతయి అంటడు.”

“అంటడు ఉదయ్ కుమార్. ఆయనకేం, సర్కారు నౌకరి. తుమ్మినా సెలవిస్తరు.”

“సరే, టీ తాగు. కురుమయ్యా, అమ్మకు చక్కెర తక్కువ.”

“చక్కెర తక్కువ, అల్లం ఎక్కువ. నాకెరికెనే మేడం. అమ్మగారు పోయినసారి వచ్చి నా గ్లాసు రెండుసార్లు కడిగిచ్చిండ్రు.”

“ఇప్పుడు గూడ కడుగు నాయినా. నీ బకెట్ల నీళ్లు జూస్తుంటెనే నాకు కామెర్లు వచ్చేటట్టున్నయి.”

“అమ్మా!”

“ఏమన్న? నీళ్లను గూడ అనొద్దా? ...నిన్న నీ పాఠం జూసిన.”

“నా పాఠం నువ్వెట్ల జూసినవ్?”

“శ్రీదివ్య ఫోన్ల వెట్టిచ్చింది. మనిషి రక్తం దీసి, దాన్ల కణాలకు తాలీం ఇచ్చి, మళ్ల ఒంట్లకు ఎక్కిస్తరట గద. అవి పోయి రోగాన్ని వెతికి వెతికి కొడ్తయట, పహిల్వాన్ల లెక్క.”

“నేను పహిల్వాన్లు అనలేదు.”

“నాకట్ల సమజైంది.”

“అది బిట్టమ్మా. ఒక్క మార్కు. నాలుగు జవాబులిస్తరు, పిల్లలు సరైనదానికి గుర్తు వెట్టాలె. అంతే దాని సంగతి.”

“పరీక్షలకేనా, మనుషులకు గూడ ఇస్తరా ఆ మందు?”

“ఇస్తరు. మన దేశంల గూడ తయారైతుంది. అయితె అది ఎక్కువ రక్తంల వచ్చే క్యాన్సర్లకు.”

“గడ్డలకు?”

“గడ్డల మీద ఇంక పరిశోధన నడుస్తుంది. ఎందుకడుగుతున్నవ్?”

“ఊకెనె.”

“నువ్వు ఊకెనె అడిగే మనిషివి గాదు.”

“గంత మంది పోరగాండ్లకు బొమ్మలు గీసి గీసి చెప్తవ్. తల్లి అడిగితె మాత్రం ఎందుకు అంటవ్.”

“అమ్మా, నీ పరీక్ష సంగతి స్కాన్ సెంటర్ల ఏమన్నరు? సూటిగ చెప్పు.”

“ఏమంటరు. ఏసీల కూసోవెట్టిండ్రు. గోడ పొడుగూత నవ్వుకుంట ఆడోళ్ల ఫోటోలు. రోగమొచ్చినోళ్లు గట్ల పండ్లికిలిస్తరా ఎక్కడన్న? సిగ్గు లేని సెంటరు.”

“అమ్మా.”

“గడ్డ ఉన్నదట.”

“గడ్డా?”

“టీ తాగు. చల్లగైతది.”

“గడ్డంటె... ఎంత?”

“బఠానీ గింజ కన్న జర పెద్దగ.”

“రొమ్ములనేనా? ఏ దిక్కు?”

“ఎడమ దిక్కు.”

“నీకు నొప్పి కుడి దిక్కు అంటివి గద?”

“నొప్పి ఒక దిక్కు, గడ్డ ఒక దిక్కు. గడ్డకు నొప్పే ఉండదట. అదే దాని మాయ అన్నది డాక్టరమ్మ.”

“నీకు కుడి ఎడమ ఎన్నడు తెలిసింది గనుక. ఆటో ఆయనకు ఎడమకు పొమ్మనుకుంట కుడి చెయ్యి చూపిస్తవ్. రిపోర్టులేవి?”

“డాక్టరమ్మ దగ్గర్నే ఉన్నయి. సోమవారం ఇస్తదట.”

“సరే. ఉంటె ఉండనీ. అన్ని గడ్డలు క్యాన్సర్ గావు. చాన వరకు కొవ్వు గడ్డలే ఉంటయి.”

“డాక్టరమ్మ మొకం కొవ్వు గడ్డ మొకం లెక్క లేకుండె.”

“మొకం జూసి రోగం చెప్తున్నవా?”

“నేను మొకాలు జూసి బతికినదాన్ని. నీ లెక్క పుస్తకాలు జూసి గాదు.”

“అవ్, చూసినం నీ బతుకు. స్కాన్ దినం నువ్వు జేసిన నఖరాలు నాకింక యాదికున్నయి. మెషీన్ల వెట్టి ఒత్తుతరట, నేను సచ్చిపోత అని గుమ్మం కాడ్నే కూలవడ్డవ్. నర్సులందరు నవ్వవట్టిరి. నాకేం లేకున్నా నీకోసం నేను ముందుగాల పోయి ఆ మెషీన్ల నలిగి, నొప్పి లేదు తల్లీ అని చెప్తెనే నువ్వు లేచినవ్. అరవై దాటిన మనిషివి!”

“చిన్నప్పుడు నీకు చేదు మందు పోసేటప్పుడు, ముందుగాల నేను నాకి చూపెట్టలేదా?”

“అప్పుడు నేను చిన్నపిల్లను.”

“ఇప్పుడు నేను ముసలిదాన్ని. పెద్ద ఫరకేం లేదు.”

“నాకు మాత్రం దండగ పరీక్ష అది. నొప్పా, పాడా? ఒక క్లాసు పోయింది, అంతే.”

“నొప్పి లేదనే అందరు అనేది.”

“ఇప్పుడు నా ముచ్చటెందుకు? సోమవారం ఏం చేస్తరట?”

“సూది గుచ్చి జరంత ముక్క తీస్తరట.”

“బయాప్సీ.”

“నీకు పేర్లు మంచిగ ఎరికె.”

“మరి పోదాం. దాన్ల పరేషాన్ అయ్యేదేమున్నది?”

“సూది గుచ్చితె ఒళ్లంత పాకుతదట.”

“ఎవరన్నరు?”

“అందరంటరు.”

“అందరంటె ఎవరు? మన ఫణీంద్ర చిన్నాయనేనా?”

“ఆయన పేరెత్తకు నా ముందట. మా స్వర్ణకు ఆకులు కాశి కాశి పోసిండు. లక్ష్మణఫలం ఆకులట! చిక్కడ్‌పల్లిల ఎవరింటి గోడ మీదికెల్లి కొమ్మ బయటికొస్తె ఆ కొమ్మ విరిచిండు. ఫోన్ల వచ్చిందట. ఫోన్ల వస్తె ఇగ దేవుడు దిగొచ్చి చెప్పినట్టే ఆయనకు. గల్లీల ఆకులు అయిపోయినంక నా చెల్లెను దవాఖానకు తీస్కపోయిండు. అప్పుడు గుచ్చిండ్రు సూది. ఎన్నో దినాలు బతుకలేదు. ఇగ దినాల కాడ వచ్చినోళ్లకందరికి, సూదితోనె పోయింది, సూదితోనె పోయింది అని ఒకటే చెప్పుడు. గారెలు తినుకుంట చెప్పిండు.”

“మరింకేంది? చిన్నమ్మ సూదితోని పోలేదు, ఆ ఆకులు తాగుకుంట కూసునుడుతోని పోయింది.”

“నాకు తెల్వదా?”

“తెలిస్తె మళ్ల పాకుతదంటవేంది?”

“తెలుసు. తెలిసినా భయమైతది. రెండు ఒక్క కడుపులనే ఉంటయి. ...త్రివేణీ, ఇది వంశంల వస్తదా?”

“రావచ్చు. చిన్నమ్మకు వచ్చింది గద.”

“అంటె నా దిక్కుకెల్లి. మా అమ్మ దిక్కు రక్తంలకెల్లి.”

“ఇప్పుడు రక్తాన్ని తిట్టుకోని ఏం జేస్తవ్? మార్చుకుంటవా?”

“మార్చే మందు గూడ రాలేదా కొత్తగ?”

“రాలేదు.”

“ఏం కొత్త మందులో ఏమో. బయటి దేశంల టీకా వచ్చిందన్నవ్ గద పాఠంల? ఎవరి గడ్డకు ఆళ్లకు సరిపొయ్యేటట్టు కుట్టిస్తరట, జాకెట్ లెక్క.”

“కుట్టిస్తరు అనలేదమ్మా. తయారు చేస్తరు అన్న. అది గూడ ఇంక పరీక్షలల్లనే ఉన్నది అన్న.”

“నేనదే అంటున్న. అది వచ్చేదాంక ఆగుదామా?”

“ఆగుతవా? పైకి జూడు. గీ అశోక్‌నగర్ల ఏ రూముల జూసినా ఆగేటోళ్లే. నోటిఫికేషన్ వస్తది, నోటిఫికేషన్ వస్తది అని ఆగుడే ఆగుడు. మీసాలు మొలవంగ వచ్చినోళ్లకు ఇక్కడ్నే బట్టతల వస్తుంది. నా క్లాసుల ముందు బెంచి మీద ఒకాయన ఉన్నడు, ఆయన బిడ్డ మన శ్రీదివ్య కన్న పెద్దది. నువ్వు గూడ గట్లనే గడ్డను వెట్టుకోని టీకా నోటిఫికేషన్ కోసం ఆగు.”

“మేడం, ఆగేటోళ్లను ఏమనకుండ్రి. వాళ్లు ఆగవట్టే నా టీ బండి నడుస్తుంది.”

“నీ పని నువ్వు జూస్కో కురుమయ్యా.”

“మీ జీతం గూడ దాన్లనే ఉన్నది మేడం. పాలు పొంగుతున్నయి, జూస్కుంట, జూస్కుంట.”

“ఆయన మాట కొట్టేసేటట్టు లేదు బిడ్డా. ఎన్నడు రాని ప్రశ్నలకు జవాబులు చెప్పుడే మీ పని. అసలు ప్రశ్న అడిగితె మాత్రం కోపమొస్తది.”

“అసలు ప్రశ్న అడుగు, చెప్త.”

“సూది తప్పదా?”

“తప్పదు. ఇను. ఆ కొత్త మందులన్ని ఒక్కో రకం గడ్డకు ఒక్కోటి. గడ్డ ఏ రకమో తెల్వకుండ ఏ మందియ్యాలె? ముక్క దీసి చూస్తెనే తెలిసేది. కొన్ని రకాలకు ఉత్త గోళీలు గూడ ఉన్నయి. ఇంకొన్నిటికి ఎక్కించే మందు ఉంటది, అది పోయి గడ్డనే వట్టుకుంటది, మిగిలిన ఒంటిని గంతగనం ఖరాబ్ చెయ్యదు. చిన్నమ్మ నాటికి ఇప్పటికి మస్తు ఫరక్.”

“అంటె సూది లేకుంటె కొత్త మందు లేదన్నట్టు.”

“లేదు.”

“సూదితోని పాకదు.”

“పాకదు.”

“శ్రీదివ్య మీద ఒట్టెయ్యి.”

“నా బిడ్డ మీద నేనెందుకు ఒట్టేస్త? మతి ఉన్నదా నీకు?”

“మంచిగన్నవ్. ఎయ్యకు. తల్లి అన్నది బిడ్డ మీద ఒట్టెయ్యొద్దు. నీ మాటనే నమ్ముతున్న.”

“హమ్మయ్య. గింతసేపటికి.”

“జుట్టు పోతదట గద?”

“పోతె పోనీ. యాదగిరిగుట్టల ఇస్తలేమా? మళ్ల వస్తది. నీకున్నదే నాలుగు పోగులు.”

“నాలుగు పోగులోళ్లకు సరే. జడ ఉన్నోళ్లకు?”

“జడ ఉన్నోళ్లకు గూడ మళ్ల వస్తది. జుట్టు కోసం అద్దం ముందు కూసోని ఏడ్చేటోళ్లను జూస్తె నాకు మంట. పాణం పెద్దదా, పిలక పెద్దదా?”

“నువ్వైతె ఏడ్వవా?”

“నేనైతె నున్నగ గుండు చేయించుకోని వచ్చి క్లాసు చెప్త. పాఠం నోటితోని చెప్తరు, జుట్టుతోని గాదు.”

“గుండుతోని క్లాసు చెప్తవ్.”

“ఎందుకు చెప్ప? నవ్వేటోడు నవ్వుతడు. వాడు పాసయ్యేది లేదు పీకేది లేదు.”

“ఈ మాట యాది వెట్టుకుంట.”

“పెట్టుకో. ధైర్యమొస్తది నీకు.”

“అపార్ట్‌మెంట్ల ఎవ్వరికి చెప్పొద్దు బిడ్డా. కింది ఫ్లాటు బుగ్గయ్య పెండ్లాం ఉన్నది సూడు, సంత్రా పండ్లు వట్టుకోని వస్తది. మంచం పక్కపొంటి కూసోని, సామాన్లన్ని ఒకసారి జూసి, ఎన్ని దినాలున్నదట అంటది. రామచంద్రం గారింటికి పోయి గట్లనే అడిగింది. ఆయనకు వచ్చింది మూత్రంల రాయి!”

“రానీ. ఆ సంత్రాలు నేనే తీసుకోని, ఆమె ముందట్నే రసం దీసి తాగుత. ఎన్ని దినాలున్నదో ఆమెకే లెక్క చెప్త.”

“తాగుతవ్ గద?”

“నాకెవరి భయం? ఆళ్ల కోసం దాచుకోని ఎవరు సస్తరు?”

“మరి శ్రీదివ్యకేమని చెప్తం?”

“ఉన్నదున్నట్టు చెప్తం. పదేండ్ల పిల్ల, దానికి సమజ్ గాదా? మనం మూలకు నిలవడి గుసగుసలాడితె ఇంక ఎక్కువ భయపడ్తది.”

“ఉన్నదున్నట్టు.”

“అవ్. దాచేటోళ్లంటె నాకు అసహ్యం. నాయినకు బాగలేనప్పుడు ఏం జేసిండ్రు? నిన్ను పిలిచి చెప్పిరి, నన్ను పిలిచి చెప్పిరి, దవాఖాన గేటు కాడ నిలవడ్డ చుట్టాలకు గూడ చెప్పిరి. ఆయన ఒంటి సంగతి ఆయనకు ఆఖర్ల తెలిసె. ఎవరి ఒంటి సంగతి వాళ్లకే ముందుగాల చెప్పాలె. ఇప్పుడు ఆ డాక్టరమ్మ నిన్నే పిలిచి చెప్పింది, నయం.”

“లోపలికి పిలిచి, పెద్దోళ్లెవరన్న ఉన్నరా అన్నది. నేనే ఉన్న అన్న.”

“చూసినవా? అరవై దాటిన మనిషిని ముందట కూసోవెట్టుకోని పెద్దోళ్లెవరున్నరని అడుగుతరా? చదువుకున్న మూర్ఖులు. నువ్వు ఊకున్నవా?”

“ఊకున్న.”

“నేనుంటె కడిగి పారేస్తుంటి.”

“అందుకే నిన్ను పిలువలేదేమో.”

“మేడం, పైకెల్లి చెయ్యి ఊపుతున్నరు. క్లాసుకు పిల్లలు కూసున్నరట.”

“వస్తున్ననని చెప్పు కురుమయ్యా. లేవమ్మా, నీకు ఆటో ఎక్కిస్త. ఇంటికి పొయ్యి జర పండు.”

“కూసో బిడ్డా. జరంతసేపు. సోమవారం క్లాసు బంద్ వెడ్తవా?”

“పెడ్త.”

“ఉదయ్ కుమార్‌కు?”

“నేను చెప్త. పొద్దుగాల్నే కారు తీసుకోని వస్తం నీ దగ్గరికి.”

“ఆయన రావాలె. తప్పకుండ రావాలె. ఆఫీసుల పనున్నదంటె ఊకోకు.”

“ఎన్నడు లేంది అల్లుని మీద గింత ప్రేమేంది?”

“ఉండాలె. ఆయన పక్కన ఉండాలె. ...బల్ల మీద పండవెట్టి గుచ్చుతరట. గుచ్చినప్పుడు టప్పుమని చప్పుడొస్తదట.”

“మత్తిస్తరు. చీమ కుట్టినట్టుంటది.”

“నీకెట్ల తెలుసు? గుచ్చిచ్చుకున్నవా?”

“చదివిన.”

“చదివినోళ్లకు నొప్పి తక్కువుంటదా?”

“ఇగో, గిదే! నీ భయంతోని నన్ను సంపుతవమ్మా నువ్వు. పుట్టినకాడికెల్లి గిదే. నేను పరీక్షకు పోతుంటె ఫెయిలైతవేమో అన్నవ్. కాన్పుకు పోతుంటె ఏమైతదో ఏమో అని ఆటోలనే ఏడ్చినవ్. ఒక్కనాడన్న ఏం గాదు బిడ్డా అన్నవా? అందరి తల్లులు బిడ్డలకు ధైర్యం చెప్తరు. నా ఖర్మకు నేనే నీకు చెప్పాలె.”

“చెప్పు మరి. ఇందాకటికెల్లి చెప్పిందంత మళ్లొకసారి చెప్పు.”

“క్లాసుకు లేటైతుందమ్మా.”

“ఒక్కసారి. నీ నోటితోని ఇంటె నాకు బలమొస్తది.”

“ఏం చెప్పాలె? సూదితోని పాకదు. కొత్త మందులున్నయి. జుట్టు మళ్ల వస్తది. బఠానీ గింజంత ఉన్నప్పుడే దొరికింది, గది మన అదృష్టం. ఏడ్వద్దు, దాయొద్దు, ఆగొద్దు. అయిపోయిందా?”

“బిట్టు లెక్క చెప్తున్నవా, నిజంగ నమ్ముతున్నవా?”

“నిజంగనె. నమ్మకుంటె గంత మందికి ఎట్ల చెప్త?”

“ఏం గాదు బిడ్డా.”

“ఆఁ?”

“ఏం గాదు. నువ్వన్నట్టు మస్తు మందులొచ్చినయి. ఏం గాదు నీకు.”

“నాకేందమ్మా? గదేంది, నా చెయ్యి గంత గట్టిగ వట్టుకున్నవ్? గిట్ల భయపడ్తె ఎట్ల? సోమవారం నేను నీ పక్కనే ఉంట గద. సూది గుచ్చేదాంక నీ చెయ్యి వదల.”

“నా రిపోర్టుల ఏం లేదన్నది డాక్టరమ్మ. అయినా ఆమెను బతిమిలాడుకుంట, ఒట్టి సూదైనా సరే ముందుగాల నాకు గుచ్చుమని. నొప్పి లేదని నేను చెప్పినంకనే నువ్వు బల్లెక్కు, బిడ్డా.”